అది కుదురుకోలేదు

“ఇవాళ కూడా తినలేదండీ మేష్టారూ. నోట్లో పెట్టుకున్నట్టే పెట్టుకుని ఉమ్మేసింది.”

ఫోన్లో ఆ గొంతు వినగానే అక్వేరియం షాపాయన నెత్తి కొట్టుకున్నాడు. నిజానికి ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పినవాడు కాదు. చేప కొనడానికి వచ్చినవాళ్ళకి గంటసేపు క్లాసు పీకి గానీ సంచి చేతికివ్వడు కాబట్టి వీధంతా మేష్టారనే పిలుస్తుంది. వారం కిందట ఓ కొత్త జంట సీ అనిమోన్ కావాలని వచ్చినప్పుడూ అంతే జరిగింది. చూడ్డానికి నీళ్ళలో పూసిన పువ్వులా ఉన్నా అది జంతువనీ, రాతికి అతుక్కునే పాదం చిరగనిది, నోరు మూసుకుని ఉన్నది, రంగు పాలిపోనిది చూసి ఎంచుకోవాలనీ, తెచ్చాక అది కుదురుకునేదాకా మనకి కంటిమీద కునుకుండదనీ ఏకరువు పెట్టాడు. ఆ జంట జడుసుకుని రెండు గప్పీ చేపలు కొనుక్కుని బయటపడింది.

వాళ్ళ వెనకాల నిలబడి మొత్తం శ్రద్ధగా విన్నది మాత్రం బస్ డిపోలో టికెట్ కౌంటర్ ఆవిడ. ఏమీ కొనలేదు. ఫోన్ నంబరు రాసుకుని వెళ్ళింది. మూడో రోజున “తెచ్చుకున్నానండీ” అంటూ ఫోన్ చేసింది. ఇంత పాఠం తన దగ్గర విని ఇంకెక్కడో తెచ్చుకుందని ఆయనకి ఒకటే కడుపుమంట. అయినా ఎవరైనా కష్టం చెప్పుకుంటే సలహా ఇవ్వకుండా ఊరుకునే నోరు కాదది.

“బలవంతంగా పెట్టకండమ్మా. చిన్న ముక్క దాని దగ్గర పెట్టి మీరు పక్కకి వచ్చేయండి. తింటే తింటుంది, లేకపోతే తీసేయండి” అన్నాడు.

“ఒక్కచోట ఉండట్లేదండీ. పొద్దున ఒక మూల, సాయంత్రం ఇంకో మూల.”

“చోటు వెతుక్కుంటోంది. మీకు నచ్చినచోటికి లాక్కొచ్చి పెట్టారో, ఎక్కడో అక్కడ చిరుగుతుంది. జాగ్రత్త.”

“దగ్గరికెళ్తే ముడుచుకుపోతోంది.”

“అయితే వెళ్ళకండి! దూరంగా కూర్చుని మీ పని మీరు చేసుకోండి. ఇంతకీ ఎన్నాళ్ళనుంచి అన్నీ సిద్ధంగా ఉంచుకున్నారు?”

“ఆరేళ్ళనుంచండీ.”

మేష్టారికి ముచ్చటేసింది. మామూలుగా అనిమోన్ తెచ్చేముందు తొట్టెని ఏడాది పాటు నడిపి పాతబడనివ్వమంటేనే జనం మొహం చిట్లిస్తారు. ఈవిడెవరో ఆరేళ్ళు ఆగింది!

కానీ ఆ మర్నాటి ఫోన్‌తో ఆయన బుర్ర గిర్రున తిరిగింది. “తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతోందండీ” అంది ఆవిడ.

దానికి చెవులెక్కడివి? తలుపు అదురు నీళ్ళకి తగులుతోందేమోనని సర్దిచెప్పాడు. ఆ మర్నాడు ఇంకోటి: లైటు తీస్తే అసలు పడుకోవట్లేదట. పడుకోవడమేమిటి? ఉన్న రెండు పుస్తకాలూ తిరగేశాడు. ఎక్కడా లేదు.

“మీరు చెప్పేదానికీ ఆవిడ అడిగేదానికీ ఎక్కడా పొంతన కుదరట్లేదు. మేతా నీళ్ళూ తెలిసిన మనిషేనా?” అంది భార్య, గాజు తొట్టెలు తుడుస్తూ.

“కొత్త కదే. మాటలు తెలియవు పాపం” అన్నాడు గానీ, తనకే ఏమీ తెలియట్లేదని లోపల ఒకటే గుంజాటన.

తెచ్చిన పదో రోజు మధ్యాహ్నం ఫోన్లో పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టింది ఆవిడ. “ఇచ్చినవాళ్ళు శనివారం పదకొండింటికి వచ్చి చూస్తారట. ఇలాగే ఉంటే వెనక్కి తీసుకెళ్ళిపోతారట మేష్టారూ. మావాళ్ళనెవరినైనా అడుగుదామంటే, వద్దని మేం ముందే చెప్పాం కదా అంటారు.”

ఆ రోజు షాపులో పంపు పాడై ఆయన అసలే చిరాకులో ఉన్నాడు. “తీసుకెళ్తే మంచిదే కదమ్మా! ఎంచుకోవడంలోనే పొరపాటు చేశారు. పాలిపోయి ముడుచుకుపోయినదాన్ని ఎవరైనా తెచ్చుకుంటారా? ఇచ్చేసి, గట్టిగా ఉన్నదాన్ని తెచ్చుకోండి” అనేశాడు.



“నేను వెళ్ళినప్పుడు అదొక్కటే మూలన ఉందండీ. ఎవరూ దాని వంక చూడట్లేదు. అందుకే తెచ్చుకున్నా” అంది ఆవిడ. ఫోన్ పెట్టేసింది.

నోరా వీపుకు చేటు తేకే అని ఊరికే అన్నారా? రెండు రోజులు ఫోన్ రాలేదు. మేష్టారికి అన్నం సహించలేదు. పోనీ తనే చేద్దామంటే, ఏ మొహం పెట్టుకుని చేస్తాడు? శనివారం పొద్దున్నే, నీళ్ళలో ఉప్పు కొలిచే సాధనమూ సన్నగా తరిగిన రొయ్య ముక్కలూ సంచిలో వేసుకుని డిపోకి వెళ్ళాడు. ఆవిడ పన్నెండు రోజులుగా సెలవులో ఉందని చెప్పి అడ్రసు ఇచ్చారు. అనిమోన్ కోసం సెలవు పెట్టిన మనిషిని ఆయన తన సర్వీసులో చూడలేదు.

చప్పుడుకి ఉలిక్కిపడుతుందన్న మాట గుర్తుండి, తలుపు మీద వేలిగోటితో మెల్లిగా తట్టాడు. ఆవిడ తలుపు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ మొహంలో ఏదో వెలుగు.

“మొన్న నోరు జారానమ్మా. క్షమించండి” అన్నాడు.

ఆవిడ పెదాల మీద వేలు పెట్టుకుంది. “మెల్లిగా మేష్టారూ. వాళ్ళు రావడానికి ఇంకా గంటుంది. మీరు చెప్పినట్టే దగ్గర పెట్టి పక్కకి వచ్చేశాను.”

ఆయన పిల్లిలా అడుగులేస్తూ లోపలికి వచ్చి గది నలుమూలలా చూశాడు. ఏమీ అర్థం కాలేదు. మోటారు రొద లేదు, నీలం లైటు లేదు.

“అదెక్కడమ్మా?” అని గొణిగాడు.

ఆవిడ వేలితో చూపించింది.

బల్ల కింద ఐదేళ్ళ పిల్ల అన్నం తింటోంది.