నిచ్చెన లాగేసిన మనిషి

పొద్దున పది దాటింది. లాండ్రీ షెడ్డు వెనక మురుగు ట్యాంకులోకి దిగినవాడు పలకడం మానేశాడు.

"బావా," అని పిలిచాడు పైనున్న బావమరిది. "బావా, పలుకు."

వంగి చూస్తే నిచ్చెన పక్కన ఒక చెయ్యి కనిపించింది. కదలడం లేదు.

దిగినవాడి భార్య ఇస్త్రీ బల్ల వదిలేసి పరుగెత్తుకొచ్చింది. బావమరిదికి ఆవిడ సొంత అక్క.

"ఏమైందిరా తమ్ముడూ?"

"పడిపోయినట్టున్నాడక్కా."

మేస్త్రీ వచ్చాడు. వెనకాలే పదిమంది చేరారు. ట్యాంకు కంపుకి ఆ షెడ్డులో ఇరవై ఏళ్ళుగా ఒకటే వైద్యం. నాలుగు బకెట్ల నీళ్ళు గుమ్మరించి, తడి తువ్వాలు ముక్కుకి కట్టుకుని దిగడం. అది ఎవరు కనిపెట్టారో తెలియదు గానీ, నమ్మనివాడు లేడు.

"నీళ్ళు కొట్టండి. నువ్వు తువ్వాలు తడుపుకో," అన్నాడు మేస్త్రీ బావమరిదితో.

"నీళ్ళు పొయ్యొద్దు."

అందరూ తిరిగి చూశారు. గళ్ళ చొక్కా మనిషి ఒకడు. అరవై ఏళ్ళుంటాయి. లోపలికి వదలమని అరగంట నుంచీ గేటు దగ్గర వాచ్‌మన్‌ని బతిమాలుతున్నవాడే. ఈ గోలలో సందు దొరికి వచ్చేశాడు.

"బురద కదిలితే విషం పైకి లేస్తుంది. తడి గుడ్డ దాన్నాపదు. ఎవరూ దిగొద్దు," అన్నాడు ఆయాసపడుతూ. "దుప్పట్లు ఆరబెట్టే మిషనుకి గాలి గొట్టం ఉంటుందిగా, అది ఊడదీసి లోపలికి వదలండి. ఫైరింజన్‌కి ఫోన్ చెయ్యమని మీ వాచ్‌మన్‌కి చెప్పొచ్చాను."

"వాళ్ళు తాపీగా వచ్చేదాకా మనిషి ఉంటాడా?"

"ఇప్పుడు లోపల ఒక్కడే ఉన్నాడు. ఇద్దర్ని చెయ్యకండి."

"ఎవరయ్యా నువ్వు? ఇన్‌స్పెక్టరువా?"

"కాదు."

"డాక్టరువా?"

"కాదు."

"మరి నీకెందుకు మధ్యలో?"

గళ్ళ చొక్కా మనిషి ట్యాంకు అంచుకి జరిగాడు.

"వీడియో తీసుకోడానికొచ్చుంటాడు," అన్నాడు మూటలు మోసేవాడు. "ఫోన్ బయటికి తీసేదాకా ఆగమంటున్నాడు పాపం."

ఇద్దరు నవ్వారు కూడా. అలాంటప్పుడు కూడా నవ్వేవాళ్ళుంటారు.

అక్క తమ్ముడి భుజం పట్టుకుంది. "దిగరా. మీ బావరా. చూస్తూ నిలబడతావా?"

తమ్ముడు తువ్వాలు బిగించాడు. నిచ్చెన మీద కాలు పెట్టబోయాడు.

గళ్ళ చొక్కా మనిషి ఒక్క ఉదుటున వంగి, నిచ్చెనని రెండు చేతులా బయటికి లాగేశాడు.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత అందరూ కలిసి మీద పడ్డారు.

ఆయన నిచ్చెనని కావలించుకుని నేల మీద ముడుచుకున్నాడు. వీపు మీద గుద్దారు, డొక్కలో తన్నారు. నుదురు చిట్లి రక్తం కంట్లోకి దిగింది. నిచ్చెన మాత్రం వదల్లేదు.

"కొట్టండి," అన్నాడు. "నన్ను కొడుతున్నంతసేపూ ఎవరూ దిగరు."

ఆ మాటకి మేస్త్రీ చెయ్యి ఆగింది.

గళ్ళ చొక్కా మనిషి అక్క వైపు తలెత్తాడు. "అమ్మా, వాడు నా మాట వినడు, వీళ్ళ మాటా వినడు. నీ మాట వింటాడు. దిగొద్దని ఒక్కసారి చెప్పు తల్లీ."

"లోపలున్నది మా ఆయన," అంది ఆవిడ.

పక్కన కూచుని, ఆయన వేళ్ళు ఒక్కొక్కటే నిచ్చెన మీంచి విడదీసింది.

తమ్ముడు నిచ్చెన మళ్ళీ లోపలికి దించి దిగాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు మెట్లు.

"అందాడక్కా," అని వినిపించింది.

ఆ తర్వాత నీళ్ళలో ఏదో బరువుగా పడిన చప్పుడు.

"తమ్ముడూ."

ట్యాంకులోకి వంగి మళ్ళీ పిలిచింది.

అక్క మేస్త్రీ కేసి చూసింది. మేస్త్రీ మూటలవాడి కేసి చూశాడు. మూటలవాడు నేల కేసి చూశాడు. ఇంతసేపూ ఒక ముసలాయన్ని తన్నిన మగాళ్ళంతా తలా ఒక అడుగు వెనక్కి వేశారు. అప్పుడు ఎవరూ చెప్పకుండానే గాలి గొట్టం ఊడొచ్చింది.

ఫైరింజన్ పన్నెండు నిమిషాలకి వచ్చింది. మొహానికి మాస్కులు, వీపున సిలిండర్లు తగిలించుకుని ఇద్దరు దిగారు. ముందు భర్తని తెచ్చారు. గోడకి చేరబడి ఉన్నాడట, గాలి గొట్టం అతని పక్కనే పడిందట. ఊపిరి సన్నగా ఆడుతోంది.

తర్వాత తమ్ముణ్ణి తెచ్చారు. నీళ్ళలో బోర్లా పడి ఉన్నాడు. ముక్కుకి తువ్వాలు కట్టింది కట్టినట్టే ఉంది. ఊపిరి లేదు.

అక్క ఇద్దరి మధ్యా కూలబడింది. ఎటు తిరిగి ఏడవాలో ఆవిడకి తెలియలేదు.

ఫైరాఫీసరు గోడవార కూచున్న గళ్ళ చొక్కా మనిషిని చూసి ఆగిపోయాడు.

"ఈయన్నెవరు కొట్టారు?"

"నిచ్చెన లాగేశాడండీ," అని నసిగాడు మేస్త్రీ. "దిగనివ్వకుండా."

"ఎక్కడ ట్యాంకు మూత తీశారని విన్నా సైకిలేసుకుని పోయి నిలబడతాడు. ఎక్కడా లోపలికి రానివ్వరు," అన్నాడు ఆఫీసరు.

అక్క తలెత్తింది. "ఎవరండీ ఈయన?"

ఆఫీసరు హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నాలుగేళ్ళ కిందట ఒక ట్యాంకులోంచి ముగ్గురన్నదమ్ముల్ని బయటికి తీశానమ్మా. పెద్దవాడు పడిపోతే నడిపివాడు దిగాడు, నడిపివాడి కోసం చిన్నవాడు దిగాడు. పైన నిలబడి ఆ ఇద్దర్నీ దిగమన్నది వాళ్ళ నాన్న, ఈయనే."