ఎర్ర దారం బస్తా

ముడి మొండికేసింది. నిరాకార్ స్వాయిఁ చివరికి పళ్ళతో పీకి ఎర్ర దారాన్ని ఊడదీశాడు. పక్క బస్తాకున్న నీలం దారం విప్పి దీని మూతికి బిగించాడు. దాని మూతికి ఎర్రది చుట్టాడు. తుఫాను షెల్టర్ వరండాలో పురుగైనా లేదు. ఊరంతా వెనకవైపు బంతిలో కూర్చుని అన్నం, దాల్మా పప్పు లాగిస్తోంది.

పొద్దున సభలో, ఊరి పెద్దవాళ్ళని ‘మౌసా’ అంటూ బాబాయి వరసలో పిలిచే యూనివర్సిటీ అమ్మాయి ఇతిశ్రీ చెప్పింది ఇంతే. “ఉప్పునేలను తట్టుకునే వరి కోసం మావాళ్ళు పదకొండేళ్ళుగా తంటాలు పడుతున్నారు. మీ ఊళ్ళో పరీక్షకు రెండు పొలాలు తీసుకున్నాం. ఎర్ర దారం బస్తా నిరాకార్ మౌసాది, నీలం దారం బస్తా బైధర్ మౌసాది. దారం చూసి ఎవరిది వాళ్ళు తీసుకోండి, పేచీ లేకుండా.”

నిరాకార్‌కి అక్కడే లెక్క తెలిసిపోయింది. ఒకదాంట్లో కొత్త విత్తనం, రెండోదాంట్లో మామూలుది. పరీక్ష అంటే అదేగా! మరి మంచిది ఎవరికి పోతుంది? వచ్చినరోజు ఆ పిల్ల ఎవరింట్లో ఎండుచేపలు నంజుకుంటూ పఖాళ చద్దన్నం తిందో వాళ్ళకే. తిన్నది బైధర్ మల్లిక్ ఇంట్లో. గట్టు తగాదాలో మూడేళ్ళుగా తనతో మాటల్లేని బైధర్!

పగ ఒక్కటే అయితే ఊరుకునేవాడేమో. రెండేళ్ళ కిందట కరకట్ట తెగి సముద్రం పొలాల్లోకి వచ్చింది. అప్పట్నించీ గింజ చేతికి రాలేదు. రొయ్యల చెరువులవాళ్ళు కౌలు కాగితాలు పట్టుకుని గుమ్మాలు తొక్కుతున్నారు. ఈ పంట కూడా పోతే సంతకం పెట్టాల్సిందే. ఒకసారి రొయ్యల చెరువైన పొలం మళ్ళీ వరి ముఖం చూడదు.

ఇద్దరూ విత్తనం చల్లారు. మొలకలొచ్చాయి. ఆపైన వానలు ముఖం చాటేశాయి. నేలలో ఉప్పు తెల్లగా పైకి తేలింది. మొట్టమొదట మాడిపోయింది బడి పక్కన యూనివర్సిటీవాళ్ళు సొంతంగా వేసుకున్న మడి.

“వాళ్ళ మడే వాళ్ళకి పండలేదు. జీతాలు మాత్రం మన పన్నుల్లోంచి!” అని టీకొట్లో ఒకటే నవ్వులు.

“అది మాడాలనే వేశాం,” అంది ఇతిశ్రీ.

పాపం పిల్ల, పరువు కాపాడుకుంటోందని ఇంకాస్త నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నిరాకారే. అతని పొలం పచ్చగా నిలబడింది మరి.

మర్నాడు గట్టు మీద గొంతుక్కూర్చుని బైధర్ తనలో తనే గొణుక్కోవడం వినపడింది. “ఇదీ పోతే రొయ్యలోళ్ళకిచ్చేసి సూరత్ పోతా. ఈ వయసులో మగ్గాల మిల్లులో ఎవడు పెట్టుకుంటాడో ఏమో.”

నిరాకార్‌కి సిగ్గేసింది. సాయంత్రానికి పెరటి కుంటలో పంపు దించి మంచినీళ్ళు బైధర్ పొలంలోకి వదిలాడు.

“ఏంటీ ప్రేమ?” అన్నాడు బైధర్, మూడేళ్ళ తర్వాత మొదటి మాటగా.

“కుంట పొంగుతోంది.”

“వానే లేందే ఎలా పొంగుతోంది?”

“నీళ్ళు కావాలా, నా జాతకం కావాలా?”

ఇంట్లో భార్య సుకాంతి వదలలేదు. “సొంత పొలానికి చుక్క లేదు, పగవాడికి ధారలా? కుంటలో చేపలు బురదలో దొర్లుతున్నాయి. నీకు గాలేమైనా సోకిందా?”

“సోకింది. నోరు మూసుకుని అన్నం పెట్టు.”

అలా తొమ్మిదిసార్లు నీళ్ళు పెట్టాడు. గట్టు మీద బీడీలు పంచుకోవడం మొదలైంది. తగాదా ఏ మూలకి పోయిందో ఇద్దరికీ తెలియదు. కోతల వేళకు రెండు పొలాలూ వెన్నులు వంచి పోటీగా నిలబడ్డాయి. నిరాకార్ గుండె తేలికపడింది.

అది ఒక్కపూట ముచ్చటే అయింది. కోతరోజు ఊరందరి ముందు ఇతిశ్రీ రెండు పొలాల ధాన్యమూ తూచి పుస్తకంలో రాసుకుని అంది, “దాదాపు సమానం! రేపు పెద్దవాళ్ళకి ఇది చూపిస్తాను. దీన్నిబట్టే ఈ తీరమంతా కొత్త విత్తనం పంచాలో వద్దో తేలుస్తారు.”

నిరాకార్ మళ్ళీ లెక్క కట్టాడు. మామూలు విత్తనం కూడా ఇంతే పండిందంటే ఇక కొత్తది ఎందుకంటారు? తను చేసిన పనికి తీరంలోని ఊళ్ళన్నీ రొయ్యల చెరువులైపోవూ?

“ఆగు తల్లీ! అది రాయొద్దు,” అని రెండు చెవులూ పట్టుకున్నాడు. “తప్పు నాది. ఆరోజు దారాలు మార్చేశాను. బైధర్ బస్తా నేను కొట్టేశాను. వాడి పొలం పండింది నా కుంట నీళ్ళతో.”

ఊరంతా గోల పెట్టింది. సుకాంతి కొంగు నోట్లో కుక్కుకుంది.

“ఓరి నీ దుంపతెగ!” అన్నాడు బైధర్. “నీ మనసు మారిందనుకున్నానే!”

“మారింది భాయి. దొంగతనం చేశాక మారింది.”

ఇతిశ్రీ కలం తీసింది. “బైధర్ మౌసా పొలానికి ఎన్నిసార్లు పెట్టావు నీళ్ళు?”

“తొమ్మిది.”

“నీ పొలానికో?”

“చుక్క లేదు తల్లీ. నా పిల్లల మీద ఒట్టు.”

“మంచిది. అది రాసుకున్నాను.”

“మరి దారాల సంగతి రాయవా?”

“అది అక్కర్లేదు మౌసా,” అని ఆమె పుస్తకం మూసింది. “మామూలు విత్తనం వేసింది బడి పక్క మడిలో. మీ ఇద్దరి బస్తాల్లోనూ ఉన్నది కొత్త విత్తనమే.”