గోడవతలి కూత

“అదిగో, మొదలెట్టింది. ఇంటన్నావా బావా?”

టీ గ్లాసు పక్కన పెట్టి లేవబోతున్న సుందర్ రాజ్ మళ్లీ అరుగు మీద కూలబడ్డాడు. దీవెనమ్మ పక్కింటి ప్రహరీ వైపు చెయ్యి చూపించింది. అతను చెవి రిక్కించాడు. పెంకుల మీద గోరింకలు పోట్లాడుకుంటున్నాయి. మునగ పూలలో తేనెపిట్ట కిచకిచమంటోంది. రైల్వే యార్డులో వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. అన్నీ వినబడుతున్నాయి, గోడవతలి కంసాలి పిట్ట కూత తప్ప.

“ఆఁ, ఇంటన్నాను,” అన్నాడు.

దీవెనమ్మ మొహం విప్పారింది. కొంగు సర్దుకుని అతని పక్కనే చతికిలబడింది.

జ్ఞానాపురంలో ఆ పెంకుటింట్లో కాపురం పెట్టిన దగ్గర్నుంచీ పొద్దున్నే పిట్టల్ని చూడటం ఆ మేనరికపు మొగుడూ పెళ్లాలకి అలవాటు. టిక్కెట్టు లేని సినిమా అనేవాడు సుందర్ రాజ్. పికిలిపిట్ట తోక కింది ఎరుపు ముందు చూసింది నానంటే నానని ఇద్దరూ కీచులాడుకునేవారు. కూతురు పెళ్లయి దువ్వాడ వెళ్లింది. అల్లుడికి కొత్తగా కడుతున్న స్టీల్ ప్లాంటులో వెల్డింగ్ పని. ఇక దీవెనమ్మకి మాట్లాడ్డానికి మిగిలింది మొగుడూ, పిట్టలూ. మొగుడు ఓవర్‌టైము మనిషి కాబట్టి, ఎక్కువగా పిట్టలే.

సుందర్ రాజ్‌కి మాత్రం కంసాలి పిట్టంటే ప్రాణం. పక్కింటివాళ్ల మేడిచెట్టులో ఎక్కడో కూర్చుని, చిన్న సుత్తితో బంగారం సాగగొడుతున్నట్టు టంకు టంకుమని కూసేది. గోడ మీదుగా చూస్తే ఆకుల గుబురే గానీ పిట్ట ఏనాడూ కంటపడలేదు. అది కూసినంతసేపూ, రేవులో ఓడ కాచుకుని ఉన్నా సరే, అతను కదిలేవాడు కాదు.

వానలు వెనకపట్టాక ఆ కూత అతనికి వినబడటం మానేసింది. దీవెనమ్మకి మాత్రం రోజూ వినబడుతూనే ఉంది.

ఒక పిట్టకూత వినబడకపోతే కొంప మునిగిందా అనొచ్చు. కానీ అతను రేవులో ఓడల సరుకు ఎత్తి దించే యంత్రం, వించి, నడిపేవాడు. ఓడ కడుపులో సరుకు కట్టే మనుషులు వించి దగ్గర కూర్చున్నవాడికి కనబడరు. పైన అంచున నిలబడ్డ దాలయ్య ఈల వేస్తేనే బరువు ఎత్తాలి, ఈల వేస్తేనే ఆపాలి. ఈల వినబడకపోతే కింద ప్రాణాలు పోతాయి.

అతనికి ముందు వించి నడిపిన తవిటయ్య సంగతి రేవులో అందరికీ తెలుసు. వించి చప్పుళ్లకి చెవులు దెబ్బతిని, ఆపమన్న ఈల వినక, బరువుని ఒక మనిషి మీదకి దించేశాడు. తరవాత ఏడుస్తూ సుందర్ రాజ్‌తోనే అన్నాడు. “ముందు దూరంగా ఉండే సన్న సద్దులు పోయాయిరా. ఎవరికీ సెప్పుకోనేదు. అదే నాను సేసిన పాపం.”

అనుమానం పెనుభూతం. పట్టుకునేదాకా ఒక బాధ, పట్టుకున్నాక వంద బాధలు.

“ఈల ఊదావా?” అన్నాడు ఆ రోజు రేవులో సుందర్ రాజ్, బరువుని గాల్లోనే నిలిపేసి.

“ఊదబట్టే కదా ఆపావు గురూ!” దాలయ్య నవ్వాడు. “ఏటి, పొద్దున్నే టీ తాగనేదా?”

సుందర్ రాజ్‌కి నవ్వు రాలేదు. ఈసారి వినబడింది సరే, రేపో? డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, చెవులు పోయాయని కాగితం మీద పడితే ఉద్యోగానికే ఎసరు. చెప్పకుండా నెట్టుకొద్దామంటే తవిటయ్య మొహం కళ్ల ముందు కదులుతోంది. సాయంత్రం ఫోర్‌మన్ దగ్గరికి వెళ్లి మోకాళ్ల నొప్పులని చెప్పాడు. గోడౌన్ కాపలాకి వేయించుకున్నాడు. ఏళ్ల తరబడి వీపు మీద బస్తాలు మోసి సంపాదించుకున్న వించి సీటు అలా వదులుకున్నాడు. దిగి వస్తుంటే కాళ్లు నిజంగానే నొప్పెట్టాయి.

మర్నాడు పొద్దున్న టీ అయిపోయింది. అతను లేవబోయాడు.

“అదిగో బావా! ఇంటన్నావా?”

ఈసారి అబద్ధం నోటికి రాలేదు.

“ఇనపడతం నేదే, దీవెనా.”

“ఏటి?”

“శానాళ్లబట్టి నాకా పిట్ట ఇనపడతం నేదు. నువ్వు బాధపడతావని ఊఁ కొట్టాను. సెవులు పోతన్నాయి. తవిటయ్యలాగా ఎవుడి సావుకో కారణం కాకూడదని నిన్న వించి సీటు ఒగ్గీసాను.”

దీవెనమ్మ గ్లాసు కింద పెట్టేసింది.

“ఒగ్గీసావా? మల్లీ ఇవ్వరా?”

“ఏరేవాడు ఎక్కీసాడు. ఇంక ఇవ్వరు.”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. గోడ వైపు చూడలేదు, మొగుడి వైపూ చూడలేదు.

“అది కూసినంతసేపే కదా బావా, నువ్వు నా పక్కన కూకునేది,” అంది.

ఇంత వయసొచ్చాక పెళ్లాం చేత ఆ మాట అనిపించుకున్నందుకు సుందర్ రాజ్‌కి సిగ్గేసింది.

“ఇకమీదట కూడా కూకుంటాను, ఊరుకోయే. నాకు ఇనపడకపోతేనేం? నువ్వు ఇని సెప్పు.”

ఆమె తల అడ్డంగా ఊపింది. అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఆ పిట్ట వానల్లోనే ఎల్లిపోయింది, బావా.”