చెట్టు కింది జవాబు

“లాయరు వద్దా?” అమలాపురం కోర్టులో మేజిస్ట్రేటు రెండోసారి అడిగారు.

“వద్దండి. నాకున్నది ఒక్క ప్రశ్నేనండి. లాయరుగారు అది అడగనన్నారండి,” అన్నాడు మంగరాజు.

ఈ ఏడు అతను చెట్టెక్కి కొబ్బరి దింపు తీస్తుంటే, దారిన పోతున్న మనిషి మీద గెల పడింది. మనిషి పోయాడు. పైవాడు కేకేస్తే, కింద కాయలేరేవాళ్లు దారి చూసి జవాబు చెప్పాకే గెల వదలాలి.

సాక్షి, తోట రైతు. మంగరాజు ఆయన వైపు తిరిగాడు.

“నేను కేకేసినప్పుడు కింద నుంచి మీకేమన్నా జవాబు వినపడిందాండి?”

“వినపడకేం? ఎప్పట్లాగే సూర్యావతి ‘ఆయ్, వదలండి’ అంది.”

మంగరాజు రైతుగారికి దణ్ణం పెట్టాడు.

“ఎవరీ సూర్యావతి? అయితే తప్పు ఆవిడది కూడా. పోలీసులు ఆవిడ పేరెందుకు రాయలేదు?” అన్నారు మేజిస్ట్రేటు.

“మా ఆవిడండి. ఆవిడ పేరు రాయకండి బాబూ. నాకొక్కడికే వినపడిందనుకున్నానండి. నేరం నాదేనండి, ఒప్పేసుకుంటున్నాను.”

అప్పటికి గానీ తానేమన్నదీ రైతుగారికి తెలియలేదు. బోను కమ్మీ గట్టిగా పట్టుకున్నారు.

నిరుడు సూర్యావతి పెద్దకర్మకి అరిటాకులు కోయించి పంపింది ఆయనే.