దాచుకున్న చరణం

ఆదివారం సాయంత్రం అయిదింటికి రియాజ్ మాడుగుల హల్వా పొట్లంతో మూల మీదకు వచ్చాడు. ఎవరూ పొట్లం అందుకోలేదు.

బెల్లం మార్కెట్ వెనక, మూసేసిన సైకిల్ షాపు అరుగే ఆ మూల. ప్రతి ఆదివారం అక్కడ పాతిక మంది చేరతారు. ఒకరు కవిత చదువుతారు, ఒకరు పాట పాడతారు. పరుపులు కుట్టే సైదా సాహెబ్ హార్మోనియం పట్టుకొస్తాడు. ఎదురుగా త్రినాధరావు బజ్జీల మూకుడు సలసలమంటూ ఉంటుంది. గాలి అటు తిరిగితే బెల్లం వాసన, ఇటు తిరిగితే మిరపకాయ వాసన. ఏదైనా బాగానే ఉంటుంది.

ఆ రోజు మాత్రం సైదా సాహెబ్ హార్మోనియం మీది గుడ్డ తియ్యలేదు.

శుక్రవారం కేబుల్ చానల్లో పాటల పోటీ వచ్చింది. రియాజ్ ఫస్టొచ్చాడు. పాడింది యేసుపాదం మాస్టారి పాట. తెర కింద పడింది మాత్రం ‘రచన, గానం: రియాజ్’ అని. వచ్చే వారం ఆ పాటతో విశాఖపట్నంలో సీడీ చేస్తారట. అట్ట మీద కూడా అదే పేరు.

యేసుపాదం అరుగు చివర ఒదిగి కూర్చున్నాడు. బళ్ళో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. డెబ్బై తొమ్మిది వానాకాలంలో, తన పెళ్ళయిన ఏడాది, ఈ అరుగు మీదే ఆ పాట మొదటిసారి పాడాడు.

దండేన ఆరేసిన చీరకేటి తెలుసు
వచ్చే వాన ఎవరి కోసమో...

కాపురానికొచ్చిన కొత్త పెళ్ళికూతురు మొదటి చినుకులకి దండెం దగ్గరికి పరుగెడుతుంది. మొగుడి చొక్కా తడవకుండా కొంగులో దాచి, తను తడిసి ముద్దవుతుంది. తడిసినందుకు నవ్వుకుంటుంది. అంతే పాట. “ఆడపిల్ల మనసులోకి ఎలాగెల్లేవు మాస్టారూ” అని అడిగేవారు. ఆయన మీసం సర్దుకునేవాడు. ఆ తర్వాత ఇంకో పాట కట్టలేదు. “ఒక్కటి సాలదేటి” అనేవాడు. నిజంగానే చాలింది. ఆ ఒక్క పాటతో ఊళ్ళో ఆయనకు ‘వానపాట మాస్టారు’ అని పేరొచ్చింది.

రియాజ్‌కి నాలుగేళ్ళు ఇంట్లో కూర్చోబెట్టుకుని నేర్పాడు. మాస్టారి భార్య లూర్దు మేరీ టీ ఇచ్చేది. వానపాట ఎత్తుకోగానే లోపలికి వెళ్ళిపోయేది. “మా ఆవిడికి పాటలంటే పడదురా” అని ఆయన నవ్వేవాడు.

“ఏట్రా ఇది” అన్నాడు త్రినాధరావు, బజ్జీలు తీసే సట్రం చేత్తో పట్టుకునే వచ్చి. “హల్వా తెత్తే సరిపోద్దేటి?”

“పాడేను మామా. బాగుందన్నారు.”

“ఎవుడు రాసేడని అడిగితే ఏటి సెప్పేవు?”

రియాజ్ పొట్లం దారం వేలికి చుట్టుకున్నాడు. “నీదే అనుకుని పాడరా, అప్పుడే గొంతులోకొత్తాది అని మాస్టారే అన్నారు. అలాగే అనుకున్నాను. అనుకోగా అనుకోగా నాదే అయిపోయింది.”

యేసుపాదం తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“నా ఇంట్లో కూకుని, నా ఇంటి టీ తాగి, నా పాటే ఎత్తుకుపోయేవు. ఒక్క మాట అడగాలనిపించలేదేట్రా? ఇంట్లో మనిషే దొంగైతే తలుపేసుకుని ఏటి లాభం?”



“సరే బావా” అన్నాడు సైదా సాహెబ్ యేసుపాదంతో. “మన మూల రివాజు మనకుంది కదా.”

ఆ రివాజు చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ తెలుసు. పాట ఎవరైనా పాడుకోవచ్చు. కట్టిన మనిషి మాత్రం చివరి చరణం ఎవరికీ చెప్పకుండా దాచుకోవాలి. తగువొస్తే, ఆ చరణం పాడిన వాళ్ళదే పాట. ఎవరూ పాడలేకపోతే మూల దాన్ని వదిలేసుకుంటుంది. ఇక ఎవరి పేరు పెట్టుకున్నా అడిగేవాళ్ళుండరు.

“నాకు రాదు సాహెబ్” అన్నాడు రియాజ్, అడక్క ముందే. “మాస్టారు నేర్పలేదు.”

అందరి మొహాలూ వెలిగాయి. సైదా సాహెబ్ గుడ్డ తీసి శ్రుతి పట్టాడు. త్రినాధరావు స్టవ్వు ఆపేసి వచ్చాడు.

“పాడు మాస్టారూ” అన్నాడు. “ఇన్నేళ్ళు దాచేవు. ఇప్పుడు నువ్వు పాడితే రేపొద్దున్న నేనే ఎల్లి ఆ సీడీవోళ్ళకి సెప్తాను.”

యేసుపాదం లేచి నిలబడ్డాడు. పల్లవి పాడాడు. మొదటి చరణం, రెండో చరణం పాడాడు. ఆగాడు. శ్రుతి మోగుతూనే ఉంది. ఆయన సందులో నాలుగో ఇంటి వైపు చూశాడు. అది ఆయన ఇల్లే.

“ఇరవై ఏడేళ్ళు పాడేను దీన్ని” అన్నాడు. చివరి చరణం ఎత్తుకోలేదు.

చెప్పులు వేసుకుని ఇంటి దారి పట్టాడు.

“సూసేవా” అన్నాడు త్రినాధరావు రియాజ్‌తో. “మోసం మనిషి గొంతునెలా నొక్కేత్తాదో సూసేవా.”

రియాజ్ తల దించుకుని హల్వా పొట్లానికి మళ్ళీ ముడి వేశాడు. సైదా సాహెబ్ హార్మోనియం మూసేశాడు.

యేసుపాదం తన గుమ్మం దగ్గర, చెప్పులు విడవకుండానే ఆగిపోయాడు.

లోపల లూర్దు మేరీ బియ్యం చెరుగుతూ, పెళ్ళయిన కొత్తలో తాను కట్టుకున్న వానపాటను, ఆయనకు ఏనాడూ వినిపించని చివరి చరణంతో సహా పాడుకుంటోంది.