వెనకనుంచి పడ్డ దెబ్బ

ఫిజియో గదిలోకి వస్తూనే చెల్లెలు చేతికర్రను గోడకేసి కొట్టింది.

“దాన్ని బయట కూర్చోమనండి సార్. దాని మొహం చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది.”

అది అంటే ఎవరో కాదు, సొంత అక్క. ఇంట్లో స్కూటర్ నడపడం వచ్చింది ఆవిడొక్కదానికే కాబట్టి రోజూ తీసుకొచ్చేదీ ఆవిడే. వెళ్లి వరండా బెంచీ మీద కూర్చుంది.

బాడ్మింటన్ డబుల్స్‌లో ఇద్దరూ జోడీ. పదేళ్లుగా కోర్టులో చెల్లెలు ముందు, అక్క వెనక. సెలెక్షన్‌కు వారం ఉందనగా, ఖాళీ హాల్లో ఇద్దరే ఆడుకుంటుంటే, చెల్లెలి మడమ మీద వెనకనుంచి ఫెడీమని దెబ్బ పడింది. కూలబడుతూ తిరిగి చూసింది. రాకెట్ పట్టుకుని అక్క! ఇంకెవరుంటారక్కడ?

మడమ నరం తెగిపోయిందన్నారు. ఆపరేషన్ చేశారు.

అక్క మొదట్లో ఒప్పుకోలేదు. “ఒట్టే, నా రాకెట్ నిన్ను తాకనైనా తాకలేదు.”

చెల్లెలు వినలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. మూడు వారాలు అలాగే. పిలిస్తే పలకదు, పెడితే తినదు, కర్ర ముట్టదు. “నా పనైపోయిందమ్మా, నన్నొదిలెయ్యండి” అనేది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది.

ఒక పొద్దున అక్క వచ్చి మంచం పక్కన నిలబడింది.

“అవునే, కొట్టాను. కావాలనే కొట్టాను. ఎక్కడికెళ్లినా నీ పేరే చెబుతుంటే కడుపు మండి కొట్టాను. ఏం చేస్తావ్? లేచి నిలబడటం కూడా చేతకాదు నీకు.”

మంచినీళ్ల గ్లాసు అక్క చెవి పక్కనుంచి దూసుకుపోయి గోడకు తగిలింది.

ఆ మధ్యాహ్నమే చెల్లెలు కర్ర అడిగింది. సాయంత్రానికి కోచ్‌కు ఫోన్ చేసింది. మర్నాడు ఆయన పిలిచి అడిగితే అక్క ఒప్పేసుకుంది. జట్టులోంచి ఆమె పేరు కొట్టేశారు. తగిన శాస్తి జరిగిందనుకున్నారు అందరూ.

ఇక ఫిజియో గదిలో చెల్లెలి కసి చూడాలి! మునివేళ్ల మీద ఇరవైసార్లు లేవమంటే ముప్ఫైసార్లు లేచేది. లేచినప్పుడల్లా వరండా కిటికీవైపు, అక్కకు వినబడేలా, ఒక తిట్టు. పళ్లు బిగించి, కళ్లనీళ్లు కారుతున్నా ఆపేది కాదు.

“అమ్మా, అసలు ఈ నరం...” అని ఒకసారి ఫిజియో ఏదో చెప్పబోయాడు.

“మీ పని మీరు చూసుకోండి సార్!” కిటికీలోంచి కసిరింది అక్క.

“చూశారా, చేసిందంతా చేసి ఎంత పొగరో!” అంది చెల్లెలు.

తొమ్మిదో నెలలో చెల్లెలు మళ్లీ కోర్టులో దిగింది. కొత్త జోడీతో మొదటి మ్యాచే గెలిచింది. మర్నాడు చివరిసారి కాలు చూపించుకోవడానికి వచ్చి, స్కూటర్ దిగుతూనే అంది:

“నీతో పని తీరిపోయింది. ఇవాళ్టినుంచి నాకు అక్క లేదు. పో.”

“కాలు గట్టిగా ఆనుతోందా?”

“నీకెందుకు?”

అక్క బండి తిప్పుకుని వెళ్లిపోయింది. చెల్లెలు వెనక్కి తిరిగి చూడలేదు. ఆ క్షణంలో ఆమెకు మ్యాచ్ గెలిచినప్పటికంటే హాయిగా ఉంది.

లోపల బల్ల మీద ఎవరో పరుగు పందేల కుర్రాడు, కాలికి కొత్త కట్టుతో రంకెలేస్తున్నాడు.

“ఎవడో వెనకనుంచి మడమ మీద తన్నాడు సార్! ఫెడీమని! తిరిగి చూస్తే ఒక్కడూ లేడు. వాడు దొరకాలి, చంపేస్తాను!”

ఫిజియో కట్టు సరిచేస్తూ, గుమ్మంలో నిలబడ్డ చెల్లెల్ని చూసుకోకుండానే నవ్వాడు.

“నిన్నెవరూ తన్నలేదు బాబూ, మడమ నరం దానంతటదే తెగినప్పుడు ఎవరికైనా వెనకనుంచి కొట్టినట్టే ఉంటుంది.”