సిపాయికి సరిపోయే ఇల్లు

"గేటు ఇంత పొట్టిగా ఉండాదేందప్పా? దూకేసి పోతే?" అన్నాడు ఎల్లప్ప, ఇంకా వీధిలోనే నిలబడి.

"ఆకలైతే అదే వస్తుందిలే. ముందు నువ్వు లోపలికి రా మామా," అన్నాడు ధనంజయ.

ఎల్లప్ప దామలచెరువు దగ్గర ఒక మామిడితోటకు కావలి మనిషి. భార్య పోయాక తోటలోని రేకుల షెడ్డులోనే కాలం గడుపుతున్నాడు. ఆ షెడ్డూ, సిపాయి అనే వేటకుక్కా, అదే మా నాయన సంసారం అని కూతురు ప్రశాంతి అందరికీ చెబుతుంటుంది. ఇప్పుడు యజమాని తోటను ప్లాట్లు వేసేవాళ్ళకు అమ్మేశాడు. చెట్లు కొట్టేలోగా షెడ్డు ఖాళీ చేయాలి. సిపాయి మీ ఇంట్లో ఇముడుతుందా అని ఎల్లప్ప ఫోన్ చేసి అడిగాడు. ఇల్లు చూసి చెబుతానని తనే బస్సెక్కి తిరుపతి వచ్చాడు. పిల్లనిచ్చేటప్పుడు కూడా మామ ఇంత పరీక్షగా ఇల్లు చూడలేదని ధనంజయకు బాగా గుర్తుంది.

ప్రశాంతి మజ్జిగ తెచ్చింది. "సిపాయిని తోలుకొనొచ్చింటే మా పాప కోమలి సంబరపడేది కదా నాయనా."

"ముందు ఇల్లు సూడనీమ్మా."

ధనంజయ సెల్‌ఫోన్లు బాగుచేసే మనిషి. ఏ సందేహం వచ్చినా ఫోన్‌లోనే వెతుకుతాడు. "నేను చదివినా మామా. ఈ వేటజాతి కుక్కలు దినామూ పరిగెత్తాలంట. చిన్న ఇండ్లల్లో ఇమడవంట. పని లేకుంటే తలుపులు గీకతాయంట. మాది చూస్తే రెండు గదులు. నిజం చెప్తే నాకు భయంగా ఉండాది."

"నువ్వు సదివింది నిజమే. అడివిపందుల్ని గుట్టదాకా తరిమిన ఒళ్ళు అది. ఊరికే కూసోబెడితే దిగులుతోనే సగమైపోతాది."

"ఈడ దానికేం పని పెట్టేది?"

"ఇంటికి కావలుంటాది. కోమలికి తోడుగా ఇస్కూలు దాకా పోయొస్తాది."

"కుక్కా?" ధనంజయ నవ్వాడు.

"దారి సూపిస్తే పోతాది," అన్నాడు ఎల్లప్ప నవ్వకుండా. "చీకటితోనే లేస్తాది. ఇల్లంతా తిరగతాది. మీ నిద్ర సెడతాదేమో."

"నేను ఎట్లాగూ తెల్లారకముందే గ్రౌండుకు నడకకు పోతా. వెంట తీసుకుపోతాలే."

"ఇడ్లీలు ముట్టదు."

"రాగిసంగటి నేను చేస్తా," అంది ప్రశాంతి.

"రోసం జాస్తి. ఎవరన్నా కసురుకుంటే ఆ పూట కూడు తినదు."

"ఎవురు కసురుకుంటారు నాయనా? కోమలి దాన్ని కింద దించితే కదా."

ఎల్లప్ప మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "మునుపటి మాదిరి కాదమ్మా. వయసైపోయింది. సూపు తగ్గింది. రేపు కాళ్ళు పడిపోతే?"

ఈ సంగతి ధనంజయ ఆలోచించలేదు. మూగజీవికి అంత ముసలితనంలో కొత్త చోటంటే కష్టమే అనిపించింది, జాలి కలిగింది. "ఒకసారి ఇంట్లోకి తెచ్చుకున్నాక ముసలిదైందని బయటికి తోస్తామా మామా?"

"నలుగురూ నవ్వితే?"

"నవ్వనీ. వాళ్ళేమన్నా కూడు పెడతారా?"

ఎల్లప్ప తల ఊపాడు. పడుకునే చోటు చూపించమన్నాడు. ఇంటి పక్కన రేకులు వేసిన సన్నటి వరండా ఉంది. అందులో ఉన్న పాత సామాను తీసేస్తానని, జల్లు కొట్టకుండా పట్ట కట్టిస్తానని ధనంజయ చెప్పాడు. ఎల్లప్ప చెప్పులు విడిచి, ఆ గచ్చు మీద పడుకొని కాళ్ళు చాపుకొని చూశాడు.

"గాలి బాగుండాది," అన్నాడు పడుకునే.

కుక్క కోసం మామ పడే తంటాలు చూసి ధనంజయకు నవ్వాగలేదు. ప్రశాంతికి మాత్రం నవ్వు రాలేదు. "దానికి చోటు చూస్తుండావు సరే. నువ్వు యాడుంటావు?"

"నాకేమ్మా. కావలి మనిషికి తోటలే కరువా?"

"ఈడికే రా నాయనా."

"ఆడబిడ్డ ఇంట్లో మగోడు కాపరం పెట్టేది మన ఇండ్లల్లో ఉండాదా?"

ఎప్పుడడిగినా ఇదే జవాబు. పెళ్ళయినప్పటి నుంచి ఎల్లప్ప కూతురింట్లో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. ఏ పండగైనా అన్నం తిని సాయంత్రం బస్సు పట్టుకుంటాడు. ప్రశాంతికి ఆ మాట విన్నప్పుడల్లా కోపం వస్తుంది. కుక్కకున్న పాటి చనువు తనకు లేకపోయిందని ఆ రోజు వంటింట్లో ఏడ్చింది.

ఎల్లప్ప మాత్రం పోతూ పోతూ గేటు దగ్గర మళ్ళీ ఆగాడు. "బాగా ఆలోచించుకో అల్లుడా. తెచ్చినంక వద్దంటే నేను తట్టుకోలేను."

"ఆదివారం ఆటో తీసుకొని వస్తా. సిద్ధంగా ఉండండి ఇద్దరూ," అన్నాడు ధనంజయ.

అన్నట్టే వెళ్ళాడు. ఆటో వెనక సీట్లో మెత్తగా గోనెపట్ట పరిచాడు. తోటలో అప్పటికే సగం చెట్లు నేలమీదున్నాయి. ఎల్లప్ప గడ్డం గీసుకొని, ఉతికిన పంచె కట్టుకొని, ఒక బట్టల మూటతో దారి పక్కనే కూర్చుని ఉన్నాడు. ఆటో ఆగగానే ఎవరూ చెప్పకుండానే వెనక సీట్లోకి ఎక్కాడు.

ధనంజయ షెడ్డు వెనక్కి పోయి ఈల వేశాడు. పేరు పెట్టి పిలిచాడు. ఏ అలికిడీ లేకపోయేసరికి తిరిగొచ్చాడు.

"సిపాయిని ఎక్కించకుండా నువ్వు కూర్చుంటే ఎట్లా మామా? యాడుండాది అది?"

ఎల్లప్ప మూటను ఒళ్ళోకి లాక్కున్నాడు. అల్లుడి మొహంలోకి చూడలేకపోయాడు.

"అది సచ్చిపోయి శానా దినాలాయప్పా."